పద్దెనిమిది అంగుళాల అబద్ధం

డిసెంబరు ఒకటో తేదీ ఉదయం ఆ ఇంట్లో నలుగురున్నారు. వంటగదిలో తల్లి రోలాండ్. సోఫాలో పెద్దకూతురు సొలాంజ్, పక్కన ఆమెకు కాబోయే మొగుడు ఇవార్. గరాజులో, నూనె మరకల చొక్కాలో చిన్నకూతురు ఒడిల్. ఊరికి ఆమె టైర్ల మెకానిక్కు. ఒటావాలోని గూఢచారి సంస్థ చీఫ్‌కి మాత్రం ఏజెంట్ నలభై ఒకటి.

చెవిలో రిసీవర్ గరగరలాడింది.

"నలభై ఒకటి?"

"మంచు పడింది." అది కోడ్.

"ఆనకట్ట గేట్ల నక్షాల ఫిల్ము మీ అక్క దగ్గరుంది. ఇవార్ పరాయి ముఠా మనిషి. నాలుగింటికి సరస్సు దగ్గర విమానం. ఆ గేట్లు తెరిచారంటే దిగువన పన్నెండు ఊళ్లు ఉండవు. ఆపు."

"అక్క మన ఏజెంటే కదా సర్?"

"వాళ్లకీ ఏజెంటే."

లైను తెగింది.

క్యూబెక్‌లో ఆ రోజు నుంచి చలికాలపు టైర్లు లేకుండా రోడ్డెక్కితే పోలీసులు ఆపుతారు. దేశద్రోహికైనా తప్పదు. సొలాంజ్ నక్కతోలు కోటులో గరాజులోకి వచ్చి, తన ఎర్ర స్పోర్ట్స్ కారుకి ఆనుకుంది.

"ఏమే చిన్నీ, ఏవి వేస్తున్నావ్? పద్దెనిమిదా, ఇరవయ్యా?"

ఒడిల్ పద్దెనిమిది అంగుళాల రిమ్ము బ్రేకు మీద పెట్టి చూసింది. సరిపోయింది. దానికి వేసే సన్నటి టైరు మంచుని కోసుకుపోయి రోడ్డుని పట్టుకుంటుంది. ఇరవైకి వేసే వెడల్పుది మంచు పైన తేలుతుంది.

"పద్దెనిమిది పట్టదక్కా. నీ బ్రేకులు పెద్దవి, రాసుకుంటాయి. ఇరవై వెయ్యాల్సిందే."

"అంత వెడల్పువా? నాన్న వింటే నీ చెవి మెలేసేవాడు." సొలాంజ్ నవ్వి, చెల్లెలి బుగ్గ మీది మసి తుడిచింది. "సరేలే. టైర్ల దగ్గర నీ మాట కాక ఇంకెవరి మాట వింటాను?"

ఒడిల్ ఇరవై అంగుళాల చక్రాలు ఎక్కించి నట్లు బిగించింది. చివరి చక్రం వాల్వుకి పెట్టిన మూత ఉత్త మూత కాదు, ట్రాన్స్‌మిటర్.

మూడూ యాభైకి సరస్సు మలుపులో ఎర్రకారు మంచుబురద మీద తేలింది, జారింది, మంచుదిబ్బలో కూరుకుపోయింది. ట్రాన్స్‌మిటర్ జాడ పట్టి వచ్చిన ఏజెంట్లు సొలాంజ్‌నీ ఇవార్‌నీ బయటికి లాగారు. అవతల విమానం ఇంజను అప్పటికే తిరుగుతోంది. ఫిల్ము సొలాంజ్ లిప్‌స్టిక్ గొట్టంలో దొరికింది.

"భేష్. ఎవరికీ దెబ్బ తగల్లేదు," అన్నాడు రిసీవర్‌లో చీఫ్.

ఒడిల్ ఇంటికొచ్చేసరికి తల్లి గుమ్మంలో నిలబడి ఉంది.

"పోలీసులు ఫోను చేశారు. పొద్దున వంటింట్లోంచి చూశాను. టైర్లవాడితో ముప్పై ఏళ్లు కాపురం చేశాను, నాకు తెలీదా? ఆ చిన్న రిమ్ము పట్టింది."

"పట్టిందమ్మా."

"అది దొంగే. కానీ నిన్ను నమ్మింది."

"పన్నెండు ఊళ్లమ్మా. మనదీ ఉంది అందులో."

"మంచిది. అన్ని ఊళ్లున్నాయిగా, ఎవరింట్లోనైనా భోంచెయ్యి," అని తల్లి తలుపు వేసేసింది.