ఏడు చుక్కలు

ఓడ కంటే విమానం టికెట్టు చవకని తెలిసిన రోజు నుంచి సులస్త్రికి కంటిమీద కునుకు లేదు. అంత చవగ్గా ఎగిరేదానికి రెక్కలు రెండూ ఉంటాయా అని కొడుకు దమర్‌ను నాలుగుసార్లు అడిగింది.

సురబయలో ఆ చవక విమానాల కంపెనీకే తెన్రి ఇంజనీరు. ఆమె సంతకం పెట్టందే విమానం కదలదు. ఏడాదిగా ప్రేమిస్తున్న ఆ తెన్రిని పెళ్ళికి అడగడానికే దమర్ తల్లిని సముద్రం అవతల ఆమె సొంతూరు మకస్సర్‌కు తీసుకెళ్తున్నాడు. విమానాన్ని తనే పరీక్షించి పంపిస్తానని, అదే విమానంలో పక్క సీట్లో కూర్చుంటానని తెన్రి మాటిచ్చాకే ఆవిడ ఒప్పుకుంది.

అక్కడ తెన్రి పెదనాన్న చుట్టాలందర్నీ కూర్చోబెట్టి ఎదురుచూస్తున్నాడు. వాళ్ళ బుగిస్ తెగ ఇళ్ళలో పిల్లనడగడానికి ఆలస్యంగా వెళ్తే అవమానించినట్టే. మధ్యాహ్నం నమాజు దాటితే ఈ సంబంధం వద్దని ముందే కబురు పెట్టాడు.

అందరూ ఎక్కి కూర్చున్నాక, చక్రం దగ్గర బ్రేకు గొట్టం నుంచి నూనె కారడం తెన్రి చూసింది. నిమిషానికి అయిదు చుక్కల వరకు ఫరవాలేదంటుంది ఇంజనీర్ల నియమాల పుస్తకం. ఆమె ఏడు లెక్కపెట్టింది. మేనేజరు మళ్ళీ లెక్కపెట్టమన్నాడు. మళ్ళీ ఏడే. తెన్రి పెన్ను జేబులో పెట్టేసుకుంది.

జనం గొణుక్కుంటూ దిగి, ఆలస్యానికి కంపెనీ ఇచ్చే అన్నం పొట్లాలు అందుకున్నారు. దమర్ నేరుగా తెన్రి దగ్గరికి వచ్చాడు.

"రెండు చుక్కలే కదా తెన్రీ ఎక్కువ?"

"ఆ రెండు చుక్కల మీద మీ అమ్మను కూర్చోబెట్టమంటావా?"

అతని కోపం చప్పున చల్లారింది. "వద్దు. నిన్ను కూడా కూర్చోనివ్వను," అన్నాడు. నూనె మరకల చేతులతో నిలబడ్డ ఆమె అతనికి అప్పుడు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేం.

అంతలో పెదనాన్న తెన్రికి ఫోన్ చేశాడు. నమాజు వేళయిందని, ఇక రానక్కర్లేదని అన్నాడు. తెన్రి ముఖం పాలిపోవడం చూసి సులస్త్రి ఫోన్ లాక్కుంది.

"అన్నయ్యగారూ, ఆలస్యం మాది కాదు, మీ అమ్మాయిది. తన పెళ్ళి ఆగినా సరే, మా ప్రాణాలు ముందనుకుంది. ఇలాంటి పిల్లను అడక్కుండా నేను ఇంటికి పోను. మీరు తలుపేసుకుంటే గుమ్మంలో కూర్చుంటాను."



"మా పిల్ల ఒట్టి మొండిదమ్మా. సరే, రండి," అన్నాడు పెదనాన్న మెత్తబడి.

"చూశాను. అందుకే తను సంతకం పెట్టగానే విమానం ఎక్కుతాను," అంది సులస్త్రి.