రాతిపై మొదటి పేరు

టక్... టక్... టక్. కొయ్యపలక మీద కత్తి దెబ్బలు. కళ్ళు తెరవకముందే కిట్లిన్‌కు తెలిసిపోయింది, నాన్నమ్మ మనసు బాగోలేదని. పలక మీది మాంసం ఎప్పుడో ముద్దయింది. నాన్నమ్మ చెయ్యి మాత్రం ఆగలేదు.

తాతయ్య పోయి ఏడాది కావస్తోంది. పితృదేవతల పండుగలోగా సమాధిరాయి నిలపాలి. దాని మీద సంతానం పేర్లు పెద్దల నుంచి చిన్నల దాకా వరుసగా చెక్కించాలి. పెదనాన్న వింగ్‌సాంగ్ చెప్పిన వరుసకు నాన్నమ్మ ఒప్పుకోవడం లేదు. కారణమూ చెప్పడం లేదు. శిల్పి ఇచ్చిన గడువు ఈ ఉదయంతో సరి.

గంజి గిన్నెల ముందు అందరూ కూర్చున్నారు.

"నా పేరు ముందుంటే నీకేం కష్టమమ్మా? నా మొహం అంత బాగోలేదా?" అని నవ్వించబోయాడు పెదనాన్న.

"నోరు మూసుకుని తిను. చల్లారితే జిగురవుతుంది."

కిట్లిన్ సంచిలోంచి నకళ్ళు తీసింది. "నాన్నమ్మా, ప్రభుత్వ దస్త్రాల్లో నీ విచారణ దొరికింది. నువ్వు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగినప్పటిది."

నాన్న హోయ్‌మన్ చటుక్కున లేచి కిటికీ మూసేశాడు. "ఎవరు వెతకమన్నారే నిన్ను? సంతకం పెట్టి మరీ తెచ్చావా? ఈ వయసులో మీ పెదనాన్నను వెనక్కి పంపిస్తారే పిచ్చిదానా!"

"ఇప్పుడెవరూ పంపరు నాన్నా."

"పంపరని నీకు రాసిచ్చారా?"

ఆ భయం ఆ వీధిలో ఇంటింటా ఉన్నదే. చీనావారికి అమెరికా తలుపులు మూసిన రోజుల్లో ఇక్కడి పౌరుల కొడుకులకు మాత్రం దారి ఉండేది. అందుకే స్వగ్రామం వెళ్ళివచ్చిన ప్రతివాడూ కొడుకు పుట్టాడనే చెప్పేవాడు. ఆ పేరు మీద ఎవరి బిడ్డో ఓడ దిగేవాడు. పెదనాన్న అలా వచ్చినవాడేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

కిట్లిన్ కాగితం తిప్పి చదివింది. "'మీకు ఆడపిల్లలున్నారా?' 'లేరు.' కాసేపాగి మళ్ళీ అదే అడిగారు. 'లేరు.' ఇంకోసారి అడిగితే మంచినీళ్ళు కావాలన్నావు. ఎందుకు నాన్నమ్మా?"

"దాహమేసింది."

"నా కన్నతల్లిని నా ఎదుటే నిలదీస్తావా? లే ఇక్కణ్ణుంచి!" నాన్న అరిచాడు.

పెదనాన్న అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆ ముఖంలో ఇప్పుడు పరిహాసం లేదు. "కూర్చో తమ్ముడూ. బయలుదేరే ముందు మీ నాన్న నాకు నేర్పిన మొదటి మాటేమిటో తెలుసా? 'ఈ ఇంట్లో పుట్టిన ఒక్కగానొక్క బిడ్డను నేనే.' నేనది వల్లిస్తుంటే ఒక పిల్ల గుమ్మంలో నిలబడి వింటోంది. ఇంచుమించు నా ఈడుదే, కాస్త పెద్దది."

నాన్న కూలబడ్డాడు. "ఏ పిల్ల?"

నాన్నమ్మ చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా. "అది పుడితే మీ నాన్న ఇక్కడ కొడుకని రాయించాడు. ఆడపిల్ల ఉందంటే వీడి కాగితం అబద్ధమైపోయేది. అందరం వెనక్కి పోయేవాళ్ళం. లేదన్నాను. లేదన్నదాన్ని మళ్ళీ ఏ మొహంతో పిలిపించుకోను? కన్నదాన్ని, నా నోటితోనే లేదన్నాను."

"నాకైనా చెప్పలేదేమమ్మా?"

"చెబితే, వీణ్ణి అన్నా అని పిలిచేవాడివా?"

నాన్న కుర్చీ జరుపుకుని అన్న పక్కకు చేరాడు. భుజానికి భుజం ఆనించాడు.

పెదనాన్న ఫోను తీశాడు. "శిల్పిగారూ, నా పేరు రెండోది చెయ్యండి. మొదటిది మా అక్కది. ఉండండి, మా అమ్మ చెబుతుంది."

నాన్నమ్మ ఫోనును రెండు చేతులా పట్టుకుంది. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

"వినబడటం లేదట. గట్టిగా చెప్పమ్మా," అన్నాడు పెదనాన్న, కన్నీళ్ళు తుడుచుకోకుండానే.

ఆమె గుండె నిండా ఊపిరి తీసుకుంది.

"నా పెద్ద బిడ్డ," అంది. "చోయ్‌హా."