నోరెత్తని రాజకుమారి

ఉదయం ఎనిమిదిన్నరకల్లా తెనాలిలోని ఆ మేడమీద వాటా ఖాళీ అయిపోతుంది. ఉద్యోగానికని కోటిబాబు రేపల్లె రైలుబండికి పరుగు, అతని భార్య కీర్తన బాపట్ల బండికి పరుగు. ఈ హడావుడిలోనే వాళ్ల ఆరేళ్ల కూతురు భవ్య స్కూలు ఆటో. ఆ తరవాత మిగిలేది కోటిబాబు తల్లి రత్నకుమారి, ఒక టీవీ, కిటికీలోంచి కనిపించే ఎదురింటివాళ్ల నీళ్ల ట్యాంకు. టీవీలో వాళ్లు మాట్లాడుతూనే ఉంటారు గానీ, మనం మాట్లాడితే ఊ కొట్టరు కదా.

ఊ కొట్టే మనిషి లేకపోతే రత్నకుమారికి ఏమీ తోచదు. వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు పొట్టు తీసింది ఆవిడ. చేతులు పప్పు మీద, చెవులు కథ మీద. వరసగా కూర్చున్న ఆడవాళ్లంతా ఊ కొడుతుంటే మధ్యాహ్నాలు ఇట్టే గడిచిపోయేవి. భర్త పోయాక కొడుకు వచ్చి, "ఒక్కదానివీ ఎందుకమ్మా" అని ఇక్కడికి తీసుకొచ్చాడు. ఇక్కడికి వచ్చాకే నిజంగా ఒంటరిదైంది. ఆ మాట కొడుకుతో ఎలా అంటుంది?

"నేను ఆడుకోను. ఎండలో ఆడితే నల్లబడతాను. రాజకుమారి నల్లగా ఉండదు," అంటోంది ఆ రోజు భవ్య, అట్టతో చేసిన బంగారు రంగు కిరీటం సవరించుకుంటూ.

కీర్తన జడ వేసే చెయ్యి ఆపింది. "విన్నారా అత్తయ్యా? మీ కథల పుణ్యమే. దానికి ఇంకేమైనా చెప్పకూడదా అండి?"

"కథే కదమ్మా," అని నవ్వేసింది రత్నకుమారి. సాయంత్రం నాలుగింటికి ఆ కిరీటం మెట్లెక్కి వస్తేనే ఆవిడకి రోజు మొదలవుతుంది. భవ్య ఒళ్లో తల పెట్టుకుని "ఊ, ఊ" అంటుంటే రాక్షసుడి కోటలో రాజకుమారి కథ రోజుకో మలుపు తిరిగేది. ఎన్ని మలుపులు తిరిగినా ఒక్క షరతు మాత్రం మారదు. కోటలో చిక్కుకున్న రాజకుమారి నోరెత్తకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు. పలికితే మంత్రం చెడిపోతుంది. గుర్రం మీద రాజకుమారుడు వచ్చి తలుపు తీసేదాకా బుద్ధిగా కూర్చోవాలి.

ఆ సాయంత్రం నాలుగున్నరైనా ఆటో రాలేదు. ఐదైనా రాలేదు. రత్నకుమారి మెట్ల మీద కూర్చుని వీధి మలుపుకేసి చూస్తూనే ఉంది. కొడుక్కి ఫోన్ చేస్తే, "స్కూల్లో వెతుకుతున్నారమ్మా, కంగారుపడకు," అన్నాడు. ఆరు దాటాక ఆటో దిగారు ముగ్గురూ. భవ్యని కీర్తన ఎత్తుకునే ఉంది, అంత పిల్లని.

"ఏంటమ్మా, ఏమైంది?"

"ఆటసామాన్ల గదిలోకి వెళ్తే ఎవరో పిల్లలు బయట గడియ పెట్టారండి. ఎవరో గడియ తీసి చూసేదాకా గంటన్నర లోపలే ఉంది. టీచర్లు, ఆయా పేరు పెట్టి అరుచుకుంటూ ఆ గది ముందునుంచే నాలుగుసార్లు తిరిగారట. ఇది పలకలేదు."

"భయంతో నోట మాట రాలేదేమో తల్లికి."

"భయం కాదు. దాన్నే అడగండి!"

భవ్య కళ్లు మెరిశాయి. "నేను అస్సలు నోరెత్తలేదు నానమ్మా. అందరూ పిలిచారు. అయినా పలకలేదు."

"ఇంక దీనికి కథలు చెప్పొద్దండి. ఒక్కటి కూడా వద్దు," అంది కీర్తన.

"లోకంలో పిల్లలందరూ వినట్లేదా అమ్మాయ్? నేనొక్కదాన్నే చెప్పానా?"

"వింటున్నారు. తెల్లగా, అందంగా, నోరు మూసుకుని కూర్చుంటే ఎవడో వచ్చి తలుపు తీస్తాడని నేర్చుకుంటున్నారు. రేపు నిజంగా ఎవడైనా గదిలో పెట్టి గడియ వేస్తే? అప్పుడు కూడా ఇలాగే కూర్చుంటే?"

"ఊరుకో కీర్తనా, పెద్దావిడ," అన్నాడు కోటిబాబు.

"మీరే ఊరుకోండి. బాపట్ల నుంచి ఇక్కడికి వచ్చేదాకా ఆ బండిలో నేనెలా కూర్చున్నానో మీకు తెలియదు!" కీర్తన పిల్లని పొదువుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మర్నాటినుంచి ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. నాలుగింటికి భవ్య వచ్చి "కథ?" అంటే, "అయిపోయాయమ్మా," అనేది రత్నకుమారి. రెండ్రోజులు అడిగి పిల్ల కూడా మానేసింది, టీవీ ముందు చేరింది. అడిగినన్నాళ్లూ నయం. అడగడం మానేశాక రత్నకుమారికి ముద్ద దిగలేదు.

ఆదివారం కోటిబాబు పిల్లని తీసుకుని బజారుకి వెళ్లాడు. రత్నకుమారి బట్టలు సంచిలో సర్దుకుని వచ్చింది. కీర్తన హాల్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"వేటపాలెం వెళ్తానమ్మా. అక్కడైతే నా నోటివల్ల ఎవరికీ కీడు లేదు."

కీర్తన తలెత్తలేదు. "వెళ్లేముందు ఒక్కటి చెప్పండి అత్తయ్యా. మా అమ్మమ్మా చెప్పేది రాజకుమారి కథలు. వాటిలో ఏడ్చేవాళ్లు, అరిచేవాళ్లు. మీ రాజకుమారి ఎందుకండి నోరెత్తదు?"

రత్నకుమారి సంచి కింద పెట్టింది. ఇన్నేళ్లలో ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. కింద కూర్చుని, అలవాటు కొద్దీ చిక్కుడుకాయ అందుకుంది.

"ఒక పిల్ల ఉండేది. పన్నెండేళ్లు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని." ఆగింది. ఊ వినపడలేదు. ఇంక లేచి వెళ్లిపోదామనుకుంది.

"ఊ," అంది కీర్తన.

"ఒకరోజు పొద్దుగూకే వేళ సంచుల వెనక కునుకు పట్టింది. చూసుకోకుండా మేస్త్రీ తాళం వేసుకుని పోయాడు. అరిస్తే ఎవరో ఒకరు వచ్చేవాళ్లే. కానీ పప్పు దొంగిలించడానికే దాక్కుందంటారు కదా? రేపటినుంచి అమ్మకీ పని ఉండదు కదా?"

"ఊ."

"వాళ్లమ్మ ఫ్యాక్టరీ గోడ వెంబడి 'రత్తీ, రత్తీ' అని ఏడుస్తూ పిలుచుకుంటూ తిరిగింది. వినపడుతూనే ఉంది. పలకలేదు. తెల్లారి వాచ్‌మన్ తలుపు తీసి, ముందు ఒళ్లంతా తడిమి చూశాడు, పప్పులేమైనా ఉన్నాయేమోనని."

కీర్తన చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"ఆ సంగతి ఎలా చెప్పనమ్మా ఎవరికైనా? రాజకుమారిని చేసి చెప్పుకున్నాను. మంత్రం అనుకుంటే సిగ్గుండదు. అందరూ ఊ కొట్టారు. చివరికి నా భయాన్నే పిల్లకి నగలా పెట్టాను." రత్నకుమారి ఏడ్చేసింది. "నువ్వు బండిలో ఎలా కూర్చున్నావో నాకు తెలుసు కీర్తనా. మా అమ్మ గొంతు ఇప్పటికీ వినపడుతుంది."

కీర్తన ఆవిడ పక్కకి జరిగి, సంచిలోంచి చీరలు ఒక్కొక్కటీ తీసి సోఫాలో పెట్టింది. ఆమె కళ్లూ కారుతున్నాయి.

భవ్య రాగానే, "నానమ్మ కథ చెబుతుందట, రా," అని పిలిచింది.

భవ్య నమ్మలేనట్టు చూసి ఒళ్లో దూరింది. రత్నకుమారి గొంతు సవరించుకుంది. "కోట బయట రాజకుమారి వాళ్లమ్మ వెతుకుతోంది. పేరు పెట్టి పిలుస్తోంది."

"ఊ. రాజకుమారి పలకదు కదా?"

"పలికింది."

భవ్య లేచి కూర్చుంది. "మంత్రం చెడిపోదూ?"

"చెడిపోనీ. అమ్మా, నేనిక్కడున్నా అంది."

"అంత మెల్లిగానా? తలుపు వేసుంది కదా నానమ్మా, ఎలా వినపడుతుంది? గట్టిగా అను."

రత్నకుమారి కోడలి వైపు చూసింది. కీర్తన తలూపింది.

"అమ్మా!" అని అరిచింది రత్నకుమారి, అరవై ఆరేళ్ల గొంతు జీరపోయేలా. "అమ్మా, నేనిక్కడున్నానే!"

ఎదురింటివాళ్ల కిటికీ తెరుచుకుంది. భవ్య చప్పట్లు కొట్టింది. కీర్తన అత్తగారి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "ఊ," అంది.