గార్డు డబ్బాలో ఇద్దరు

ఖమ్మంలో నాది పళ్ళ ల్యాబు. డాక్టర్లు పంపిన అచ్చులు చూసి కట్టుడు పళ్ళు చేస్తాను. ఆ పని అయ్యాక అదే బల్ల మీద, అవే సన్న కుంచెలతో ఇంకో పని పెట్టుకుంటాను. బొమ్మ రైళ్ళలోకి మనుషుల్ని ఎక్కిస్తాను.

ఇది పిల్లల ఆట కాదు. నిజం రైలు కొలతలు తీసి, బోల్టులతో సహా చిన్నగా చేసి అమ్ముతారు. కొనేది పెద్దవాళ్ళే. ఇంట్లో పట్టాలు పరుచుకొని నడుపుకుంటారు. కానీ చేసేవాళ్ళు లోపల మనుషుల్ని పెట్టరు. ఇంజను ఖాళీగా తిరుగుతుంటే నాకు చూడబుద్ధి కాదు. అందుకే బొటనవేలి కణుపంత మనిషిని చెక్కి, రంగులు వేసి, డ్రైవరు సీట్లో కూర్చోబెడతాను. పక్కన మంచినీళ్ళ సీసా, కొక్కేనికి తుండుగుడ్డ. అప్పుడు రైలుకు ప్రాణం వచ్చినట్టుంటుంది. తెలిసినవాళ్ళు వేరే ఊళ్ళ నుంచి కూడా కొరియర్లో పంపుతుంటారు.

ఏది ఎక్కడ పెట్టాలో చెప్పేవాడు మా అన్న వెంకటరామారావు. ఆయన గూడ్సు రైలు గార్డు. "జెండా ఒక చేతిలో ఉంటే రెండో చెయ్యి కడ్డీ మీద ఉండాల్రా ఉదయ్. లేకపోతే నీ గార్డు మలుపులో కింద పడతాడు" అని నవ్వేవాడు.

పోయిన వానాకాలం అన్న డ్యూటీ ఎక్కాడు. భద్రాచలం రోడ్డు నుంచి మణుగూరు వైపు, బొగ్గు కోసం వెళ్ళే ఖాళీ వ్యాగన్లు. ముందు ఇంజనులో డ్రైవర్లు, చివర గార్డు డబ్బాలో అన్న ఒక్కడే. మధ్యలో అరకిలోమీటరుకు పైగా ఇనుప పెట్టెలు. రెండు పక్కలా అడవి. రైలు స్టేషనుకు చేరాక డ్రైవరు వాకీటాకీలో పిలిస్తే జవాబు రాలేదట. వెళ్ళి చూస్తే అన్న సామాను పెట్టె ఉంది, జెండాలున్నాయి. అన్నం క్యారేజీ మూత తీసి ఉంది. కలిపిన ముద్ద ఒకటి గిన్నె అంచున పెట్టి ఉంది. మనిషి లేడు.

పట్టాల వెంట వెతికారు. చుట్టుపక్కల గూడేల వాళ్ళు అడవిలోకి వెళ్ళి వెతికారు. పోలీసు కుక్క ఒకచోట రెండు పట్టాల మధ్య కూర్చుండిపోయింది. ఎంత లాగినా అక్కణ్ణుంచి కదల్లేదు. అంతకు మించి ఏమీ దొరకలేదు.

నాకు ఏడుపు రాలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎలా అవుతుందో అలా అయిపోయాను. ఉందని తెలుస్తుంది, మనది కాదనిపిస్తుంది. నాలుగు రోజుల్లోనే ల్యాబు తెరిచి ఎవరివో ముందు పళ్ళు పూర్తి చేశాను. బాగా కుదిరాయని డాక్టరు మెచ్చుకున్నాడు కూడా.

మా వదిన నిర్మలాదేవిదీ అదే తీరు. కొత్తగూడెంలో అన్నతో కాపురమున్న ఇంట్లోనే ఉండిపోయింది. వాళ్ళకు పిల్లలు లేరు. మెడలో సూత్రాలు అలాగే ఉన్నాయి. కర్మలు చేయిద్దామని పెద్దవాళ్ళు అంటే, "దేన్ని పెట్టి చేస్తారు?" అని అడిగేది. ఆ మాటలో కోపం ఉండేది కాదు. బియ్యం ఎంత పొయ్యాలని అడిగినట్టు అడిగేది.

నెలలు గడిచాక ఒకరోజు ఫోన్ చేసింది.

"ఉదయ్, నువ్వు రైళ్ళల్లో మనుషుల్ని పెడతావు కదా. ఆ డబ్బా చేసి మీ అన్నయ్యను అందులో నిలబెట్టు. ఆఖరున ఎలా నిలబడ్డాడో చూడాలి నాకు."

"ఎందుకు వదినా?"

"అందరూ లేడు లేడు అంటున్నారు. ఉన్నప్పుడు ఎలా ఉన్నాడో ఎవరూ చెప్పరేం?"

సరేనన్నాను. చేసేముందు ఆ చోటు చూద్దామని బయల్దేరాను. అడవి మధ్య చిన్న స్టేషను. అక్కడ పట్టాల బోల్టులు చూసుకుంటూ తిరిగే గ్యాంగ్‌మన్ లచ్చయ్య, దగ్గర్లో గూడెం మనిషి. ఆ రోజు రైలు పోతుంటే పక్కన నిలబడి జెండా చూపించింది ఆయనే. అన్నను చూసిన ఆఖరి మనిషి.

నేను ఫలానా అని చెప్పగానే లచ్చయ్య సుత్తి కింద పెట్టాడు.

"అన్న ఎలా నిలబడ్డాడు?" అన్నాను.

"ఎనకకు తిరిగి నిలబడ్డడు. నేను పచ్చజెండా ఊపిన. సారు ఊపలే. ఎప్పుడు గట్ల చెయ్యడు." గొంతు తగ్గించాడు. "అధికారులకు చెప్పలే నేను. సారు ఒక్కడే కాదు. పక్కన ఇంకొకరున్నరు."

"ఎవరు?"

"ఏమో. మొఖం లోపలికి ఉంది, ఈపు నా దిక్కు. ఆడో మగో తెల్వదు. సారు చెయ్యి పట్టుకున్నట్టున్నరు. జెండా ఉన్న చెయ్యి."

చెట్ల మీంచి నీళ్ళు కారుతున్నాయి. వాన ఆగి చాలాసేపయింది.

"అన్న గుంజుకోలేదా?"

లచ్చయ్య తల అడ్డంగా ఊపాడు. "నన్ను చూసిండు. అంతే. పొమ్మన్నట్టు చూసిండు."

ఈ మాట వదినకు చెప్పలేదు. డబ్బా చేశాను. వెనక వరండా, కడ్డీలు, ఎర్రలైటు, లోపల చెక్క సీటు, చేత్తో తిప్పే బ్రేకు చక్రం. అన్నకు ఎడమ భుజం కొంచెం దిగి ఉంటుంది. బొమ్మకూ అలాగే దించాను. పైకెత్తిన ఒక చేతిలో పచ్చజెండా, ఒక చెయ్యి కడ్డీ మీద. బూట్లకు గట్టి జిగురు పెట్టి వరండాలో నిలబెట్టాను. ఆయన ఒక్కణ్ణే.

కొత్తగూడెం వెళ్ళేసరికి ముసురు పట్టి ఉంది. దీపాలు పెట్టే వేళ. వదిన బల్ల ఖాళీ చేసి గోడకు జరిపి ఉంచింది. గుండ్రంగా పట్టాలు పరిచాను. ఒక పక్క బీరువా నీడ పడి చీకటిగా ఉంది. రైలు అటు వెళ్ళినప్పుడు కనిపించదు, మళ్ళీ వెలుగులోకి వస్తుంది. తీగలు కలుపుతుంటే కరెంటు పోయింది.

"బ్యాటరీ ఉంది వదినా, నడుస్తుంది."

ఆమె ఎమర్జెన్సీ లైటు తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది. కుర్చీ లాక్కొని, గడ్డం బల్లకు ఆనేంత వంగి కూర్చుంది. నేను రైలు వదిలాను.

ఇంజను వచ్చింది. వ్యాగన్లు వచ్చాయి. చివర అన్న వచ్చాడు. వదిన కళ్ళు ఆ బొమ్మతోపాటే తిరిగాయి.

"భుజం అలాగే పెట్టావు" అంది.

రైలు చీకట్లోకి వెళ్ళింది. చక్రాల చప్పుడు సన్నగా, గోడ లోపలెక్కడో నడుస్తున్నట్టు వినిపించింది. మళ్ళీ వచ్చింది. అప్పుడే వాసన తగిలింది. నానిన టేకాకు వాసన. దాని వెనకే కాలిన ఇనుము వాసన, బ్రేకు పట్టినప్పుడు వచ్చేది. మోటారు వేడెక్కిందేమోనని చెయ్యి పెట్టి చూడబోయాను.

వదిన నెమ్మదిగా అంది. "జెండా దించేశాడు."

చూశాను. పైకెత్తి అతికించిన చెయ్యి కిందికి ఉంది. విరిగిందనుకున్నాను. రైలు మళ్ళీ చీకట్లోకి వెళ్ళింది. ఈసారి రావడానికి ఎక్కువసేపు పట్టింది. పట్టాలు అంత పొడవు లేవు...

వచ్చింది.

వరండాలో ఇద్దరున్నారు.

రెండోది అన్నకు ఆనుకొని నిలబడి ఉంది. వీపు మావైపు. నేను వేసిన రంగు కాదు. అసలు ఏ రంగూ లేదు. తడిసిన మట్టిలా ఉంది.

నేను అరవలేదు. వేళ్ళకు తిమ్మిరి పట్టింది, అంతే. మీట వెనక్కి తిప్పాను. రైలు ఆగలేదు. బ్యాటరీ తీగ పీకేశాను.

రైలు ఆగలేదు.

ఎత్తు ఎక్కుతున్నట్టు బరువుగా, మెల్లగా సాగి బీరువా నీడలోకి పోయింది. అక్కడ ఆగింది. తర్వాత చప్పుడు... కిర్రు... కిర్రు... చేత్తో తిప్పే బ్రేకు చక్రం చప్పుడు. గోరంత బొమ్మ చక్రానిది కాదు. నిజం దానిది. గదంతా అదే.

"ఏమండీ..." అంది వదిన.

"వదినా, లే."

"ఏమండీ, అన్నం తినలేదేం?"

ఆమె చెయ్యి చాచి నీడలోకి పెట్టింది. భుజం దాకా పోయింది. అంత లోతు లేదక్కడ. గోడ ఉంది. నేను లేచి ఆమె మోచెయ్యి పట్టుకొని వెనక్కి లాగాను. రాలేదు.

"వదులు వదినా. వదిలెయ్."

ఆమె నావైపు తిరిగింది. ముఖంలో భయం లేదు. ఏమీ లేదు. గుసగుసగా అంది.

"నేను పట్టుకోలేదు ఉదయ్. నన్ను పట్టుకున్నారు."

కుర్చీ కాళ్ళు నేల మీద జరిగాయి. బల్ల వైపుకు. నేను కాలు గోడకు తన్ని పట్టి లాగాను. చీకట్లో ఎవరో ఊపిరి బిగబట్టినట్టు... వాన చప్పుడు కూడా ఆగింది. ఒక్కసారిగా ఆమె చెయ్యి వచ్చేసింది. ఇద్దరం వెనక్కి పడ్డాం. కుర్చీ మా మీద పడింది.

కరెంటు వచ్చింది.

రైలు పట్టాల మీదే ఉంది. గార్డు డబ్బా వరండా ఖాళీ. జిగురులో రెండు బూట్లు మాత్రం మిగిలి ఉన్నాయి, చీలమండల దగ్గర తెగి. వాటి పక్కన గట్టిపడ్డ జిగురులో ఇంకో రెండు పాదాల గుర్తులు. బూట్లు లేవు. వేళ్ళు కనిపిస్తున్నాయి.

వదిన అరచెయ్యి చూసుకుంటోంది. నాలుగు వేళ్ళూ బొగ్గు మసితో నల్లగా ఉన్నాయి. ఆ వ్యాగన్లలో నేను బొగ్గు పెట్టలేదు. అవి ఖాళీగా వెళ్ళే రైలువి.

ఆమె చేతులు కడుక్కొంది. నాకు అన్నం పెట్టింది. తిన్నాను. ఏం కూరో గుర్తులేదు. బల్ల వైపు చూడకుండా ఇద్దరం హాల్లో కూర్చున్నాం. తెల్లవారే ముందు ఆమె మాట్లాడింది.

"లాగింది మీ అన్నయ్య కాదు."

నేను ఆమె వైపు తిరిగాను.

"రెండు చేతులు తెలిశాయి నాకు. ఒకటి లాగుతోంది. చల్లగా ఉంది. ఇంకోటి నా అరచేతి మీద ఆనించి నెట్టింది. ఆ చెయ్యి నాకు తెలియదా? ఇన్నేళ్ళు కాపురం చేశాను." కొంగుతో ముఖం తుడుచుకుంది, ముఖం పొడిగానే ఉన్నా. "కర్మలు చేయిద్దాం ఉదయ్. ఇంక పిలవకూడదు ఆయన్ని."

భద్రాచలం వెళ్ళాం. దర్భలతో మనిషిని చేసి గోదావరి ఒడ్డున దహనం చేయించాం. నది పోటు మీద ఉంది. మెట్లు సగం మునిగి ఉన్నాయి. గార్డు డబ్బాను తువ్వాలులో చుట్టి నేనే నీళ్ళలో వదిలాను. అది మునగడానికి కొంచెంసేపు పట్టింది. మేము చూస్తూ నిలబడ్డాం. వదిన ఒకసారి అరచెయ్యి చీరకు రాసుకుంది, అంతే.

ఇప్పుడామె ఎర్రుపాలెంలో చెల్లెలు నాగలత దగ్గర ఉంటోంది. ఫోన్ చేస్తే మిరప తోటల సంగతులు చెబుతుంది. ఒకసారి నవ్వింది కూడా.

నేను రైళ్ళ పని మానలేదు. ఎందుకు మానలేదంటే చెప్పలేను. మానడానికైనా ఏదో ఒకటి అనిపించాలి కదా.

మొన్న ఎవరో కొత్త ప్రయాణికుల బోగీ పంపారు. సీట్లలో మనుషుల్ని పెట్టమన్నారు. అట్టపెట్టె సీలు నేనే కోశాను. ప్లాస్టిక్ కవరు నేనే చించాను. ఏసీ బోగీ, అన్ని కిటికీలూ మూసి ఉన్నాయి. లోపల ఖాళీ సీట్లు. మధ్య కిటికీకి ఆవిరి పట్టి ఉంది. గుడ్డతో తుడిచాను. పోలేదు. మళ్ళీ తుడిచాను. ఆవిరి లోపలివైపు ఉంది.

భూతద్దం దగ్గరికి తీసుకొని వంగి చూశాను. నేను చూస్తుండగానే ఆ ఆవిరిలో ఆవగింజంత చోటు, లోపలి నుంచి, శుభ్రంగా తుడుచుకుపోయింది.