బతికుండాల్సినవాడి అరుపు

కృష్ణానగర్‌లో చావుకేక వరప్రసాద్ అంటే తెలియనివాడు సినిమావాడే కాదు. మూడొందల అరవై సినిమాల్లో చచ్చాడాయన, ఒక్కదాంట్లోనూ మొహం కనిపించకుండా. కత్తిపోటుకో కేక, తూటాకో కేక, కొండమీంచి పడేవాడికి పొడుగ్గా సాగే కేక. ఒక్క పులి నోట్లోనే పదకొండుసార్లు పోయాడు. ఓసారి ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ థియేటర్ తలుపు సరిగ్గా పడక ఆయన కేక బయటికొస్తే, చెక్‌పోస్ట్ దాటిన అంబులెన్స్ వెనక్కి తిరిగి వచ్చిందట. అబద్ధమైతే ఆ డ్రైవర్నే అడగండి.

ఇన్ని చావులు చచ్చినా తెరమీద ఆయన పేరు ఒక్కసారీ పడలేదు.

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. మూడో అంతస్తు గదిలో బట్టల బీరువా ఖాళీ చేసి, లోపల బొంతలు వేలాడదీసి, మధ్యలో మైకు నిలబెట్టాడు. అదే ఆయన స్టూడియో. అందులో తల దూరిస్తే చీకటి, కలరా ఉండల వాసన, పాత చెమట వాసన. భార్య రాజ్యలక్ష్మి కాస్ట్యూమ్స్ పనిమీద షూటింగ్‌కి వెళ్ళింది. బడికి సెలవులు కాబట్టి ఏడేళ్ల కూతురు చిన్ని ఇంట్లోనే ఉంది.

సినిమాకి సౌండ్ చూసే పృథ్వీరాజ్ ఫోన్ చేశాడు.

“నాలుగింటికల్లా కావాలన్నా. బిడ్డ శవాన్ని చూసిన తండ్రి అరుపు. పొద్దుగాల పంపినయి డైరెక్టర్‌కు నచ్చలే.”

“నచ్చకపోవడమేంటయ్యా? నా కేకకి పులే జడుసుకుంది!”

“గదే కథ. నీ అరుపులన్నీ చచ్చేటోనియి. గీడ ఆయన చస్తలేడు. బతికుండాల్సినోని అరుపు కావాలె. గది కుదిరితే టైటిల్స్‌ల నీ పేరు ఏయిస్త.”

పేరు! వరప్రసాద్ నడుం బిగించాడు. ఫ్యాన్ ఆపాడు. కంప్యూటర్ చార్జర్ పీకేస్తే వెనక జుంయ్‌మని మోగే మోత పోయింది. కేక పెట్టినప్పుడల్లా కంప్యూటర్ తెరమీద గొంతు గీతలు ఎర్రబడి, పైన తలలు తెగిపోతుంటే మైకు జోరు తగ్గించాడు. ఒక్క రోగమే మిగిలింది. అరిచిన అరుపు హెడ్‌ఫోన్స్‌లోకి కాస్త ఆలస్యంగా వస్తోంది. ఆలస్యం సరిచేసే గడిలో మైనస్ పది పెట్టు, అరుపు ఆ మేరకు ముందే వస్తుందన్నాడు పృథ్వీరాజ్. చెప్పినంతే పెట్టేవాడైతే వరప్రసాద్ ఎందుకవుతాడు? పది పక్కన వేలు నొప్పెట్టేదాకా సున్నాలు కొట్టాడు.

తలుపు కిర్రుమంది.

“నాన్నా, ఇటు చూడు. పన్ను ఊగుతోంది.”

“నోరు మూసుకోమన్నానా లేదా? నీ గొంతు ఇందులో పడిందంటే పన్ను కాదు, నాలుకే పీకుతా. కిందికెళ్ళి ఆడుకో, పో!”

చిన్ని దవడ పట్టుకుని మెట్లు దిగింది.

వరప్రసాద్ రికార్డింగ్ ఎర్రబొత్తాం నొక్కాడు. బొంతల మధ్య తల పెట్టాడు. ఛాతీ నిండా గాలి పీల్చాడు. ఇంకా నోరు తెరవలేదు.

హెడ్‌ఫోన్స్‌లో అరుపు.

ఆయన గొంతే. చివర్లో ముక్కులోకి తిరిగే ఆ జీర కూడా ఆయనదే. కానీ అలా ఆయన జన్మలో అరవలేదు. మొదలవుతూనే విరిగింది, విరిగి కూడా ఆగలేదు. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. మనిషన్నవాడు భయపడాలా వద్దా? ఆయనకి ఈర్ష్య కలిగింది. ఆ తర్వాత, “ఎలా పడితేనేం, నా గొంతేగా” అనుకుని పంపేశాడు.

“అన్నా…” ఫోన్‌లో పృథ్వీరాజ్ గొంతు తగ్గింది. “రోమాలు లేచినయ్. ఎట్ల అరిచినవే? ఎనక జర గోలుంది, సాఫ్ చేసి పంపు.”

అరుపు లేని చిన్న ముక్క చూపించి ‘ఇది చెత్త, ఊడ్చెయ్’ అంటే కంప్యూటర్ ఆ గోలంతా ఊడ్చి వేరే ఫైల్లో పోసింది. మళ్ళీ పంపాడు. ఓకే అయింది. అలాంటిది ఇంకొకటి పడుతుందేమోనన్న ఆశతో ఎర్రబొత్తాం మళ్ళీ నొక్కి, బీరువా తెరిచి ఉంచి కూర్చున్నాడు.

ఫోన్ మోగింది. పృథ్వీరాజ్ నవ్వుతున్నాడు.

“ఊడ్చిన చెత్త గూడ పంపినవేందన్నా? బిడ్డ పిలుస్తుంటే గట్లనే అరిచినవా?”

“ఏ బిడ్డ? చిన్ని అప్పుడు కిందుంది.”

ఫోన్ పెట్టేసి, ఆ చెత్త ఫైలు ఫోన్‌లోనే విన్నాడు. ఉల్లిగడ్డల బండి మైకు, క్రమంగా దూరమవుతూ. ట్యాంకు నిండి గోడ వెంట నీళ్ళు జారుతున్న చప్పుడు. తర్వాత, పక్కనే ఉన్నంత దగ్గరగా…

“నాన్నా, ఇటు చూడు.”

ఆ వెంటనే ఖాళీ. అరుపు కోసేసిన చోటు.

ఇవాళ వీధిలోకి ఉల్లిగడ్డల బండి రానేలేదు. మోటారు ఎవరూ వెయ్యలేదు. వరప్రసాద్ చూపు గడిలో తను కొట్టిన సున్నాలమీద పడింది. ఆ అరుపు… తను ఇంకా అరవలేదు.

వీధి చివర మైకు మొదలైంది. “ఉల్లిగడ్డలు… ఉల్లిగడ్డలు…”

మెట్లమీద మూడంతస్తులూ దూకాడో, పడ్డాడో. చిన్నిని చంకనేసుకుని పైకొచ్చి గడియ పెట్టాడు. కిటికీ మూశాడు. చాపమీద కూలబడి పిల్లని ఒళ్ళో బిగించాడు.

“ఒక్క మాట కూడా మాట్లాడకు తల్లీ. నా బంగారం కదూ.”

“ఎందుకు నాన్…”

అరచెయ్యి నోటికి అడ్డం పెట్టాడు. “ష్…”

మైకు సరిగ్గా కిటికీ కిందికొచ్చి ఆగింది. ఎవరో బేరమాడుతున్నారు. పైన ట్యాంకు నిండింది. గోడ వెంట నీళ్ళు… సన్నగా… ఆగకుండా. చిన్ని తల విదిలించింది. ఏదో చెప్పబోయింది. చెయ్యి బిగించాడు. చాపమీద మడమలు టపటపా కొట్టుకున్నాయి. ఇంకా బిగించాడు. మూడొందల అరవైసార్లు చచ్చినవాడు ఒక్క మాటకి భయపడి కళ్ళు మూసుకున్నాడు.

బండి కదిలింది. మైకు దూరమైంది… ఇంకా దూరమైంది.

చిన్ని కుదురుగా ఉంది.

చెయ్యి తీశాడు. అరచేతిలో తడి. అందులో బియ్యపుగింజంత పన్ను.

“అయిపోయిందమ్మా,” అన్నాడు. “ఇంకేం కాదు.”

బీరువాలోంచి, బొంతల వెనకనుంచి, మెల్లిగా చిన్ని గొంతు…

“నాన్నా, ఇటు చూడు.”

ఆయన ఒళ్ళోకి చూశాడు.

ఆ అరుపు నాలుగు వీధులకి వినిపించింది. ఇందులో గోరంత కూడా కలిపి చెప్పడం లేదు. మైకు మూడడుగుల దూరంలో ఉంది. ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. కంప్యూటర్ తెరమీద గీత మాత్రం కదల్లేదు, ఆ అరుపు ఎప్పుడో పడిపోయింది. గుండె ఆగినవాడి గీతలా అడ్డంగా, తిన్నగా పడి ఉంది.

ఆయన గొంతు పూర్తిగా ఆగిపోయాక, గదిలో ఎవరూ నోరు విప్పకుండానే, గీత నిలువునా లేచింది. ఎర్రగా, తలలు తెగేంత ఎత్తుకి. కిందపడ్డ హెడ్‌ఫోన్స్‌లోంచి ఆడగొంతు అరుపు.

కింద గేటు చప్పుడైంది. రాజ్యలక్ష్మి చెప్పులు మొదటి మెట్టు ఎక్కాయి.