పనస పలక గిటార్

ఆటోనగర్‌లో ఆదివారం సుత్తి చప్పుడు ఉండదు, వెల్డింగ్ మెరుపులు ఉండవు. బాడీ కట్టక బోసిగా నిలబడ్డ లారీల నీడలో కుక్కలు దర్జాగా పడుకుంటాయి. అలాంటి రోజున కూడా జయపాల్ షెడ్డు తలుపు తీసే ఉండేది. ఆయన లారీ బాడీలు కట్టే వడ్రంగి. చేతులు ఖాళీగా ఉంటే మనసు కూతురి దగ్గరికి పోతుంది. అందుకే వాటికి ఏదో ఒక పని పెట్టుకున్నాడు.

కూతురంటే ఏంజెల్. లేక లేక పుట్టిన ఒక్కగానొక్క పిల్ల. బుడమేరు వాగు వరద వాళ్లుండే సింగ్‌నగర్‌ని ముంచిన ఏడాది, నీళ్లు తీశాక వచ్చిన జ్వరం ఆ పిల్లని తీసుకుపోయింది. అదే వరదలో జయపాల్ భార్య తెరేసమ్మ హవాయి గిటార్ కూడా నాని, జిగురు వదిలేసి, పలకలు పలకలుగా విడిపోయింది. పెళ్లికి ముందు నుంచీ చర్చిలో పాటలకి ఆమే వాయించేది. గిటార్ ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, తీగల మీద ఇనుప కడ్డీ జారుస్తుంటే అచ్చం మనిషి గొంతు పలికినట్టే ఉండేది.

ఏంజెల్‌ని పూడ్చి వచ్చిన రోజు నుంచి తెరేసమ్మ నోట మాట లేదు. వండుతుంది, వడ్డిస్తుంది, కిటికీ దగ్గర కూర్చుంటుంది. అంతే. ఒక దుఃఖాన్నే తట్టుకోలేని మనిషికి దేవుడు రెండోది కూడా ఇచ్చాడు. బతికున్న భార్య కోసం కూడా జయపాల్ ఏడవాల్సి వచ్చింది. మళ్లీ గిటార్ ఒళ్లో పెడితే ఆమెకి మాట వస్తుందేమోనని ఆశపడి, తనే ఒకటి చేయడానికి పూనుకున్నాడు.

చెక్క దగ్గరే తప్పు చేశాడు.

ఏంజెల్‌కి మంచం చేద్దామని నూజివీడు నుంచి తెచ్చి ఆరబెట్టిన పనస పలకలు షెడ్డులో ఉండేవి. అవి మంచం కాలేదు, శవపేటిక అయ్యాయి. ఆ పేటిక ఆయనే చేశాడు, ఇంకొకరి ఉలి తగలనివ్వలేదు. పేటికలు చేసే వడ్రంగులకి ఒక ఆచారం ఉంది. కోయగా మిగిలిన చెక్కని, పొట్టుతో సహా, సమాధి గోతిలోనే వేసి మట్టి కప్పేయాలి. పోయినవాళ్ల చెక్క ఇంట్లో ఉంచుకుంటే దాని కోసం తిరిగొస్తారంటారు, ఒంటరిగా కూడా రారంటారు. జయపాల్ ముక్కలన్నీ వేశాడు. చక్కటి చారలతో పసుపుపచ్చగా మెరిసే ఒక్క పలకని మాత్రం దాచేశాడు. మంచి చెక్క పారేయడానికి వడ్రంగికి చెయ్యి రాదని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. నిజానికి అది పిల్ల మంచం. మొత్తం మట్టిపాలు చేయడానికి ఆయన ప్రాణం ఒప్పలేదు.

ఆ పలకకే చిత్రిక పట్టాడు. తీగలు బిగించే బిరడాలకి రంధ్రాలు తొలిచాడు. తీగల మీద జార్చే కడ్డీ కోసం పాత లారీ పిస్టన్ పిన్ను ఒకటి తెచ్చి, మొహం కనిపించేదాకా రుద్దాడు. తీగల చప్పుడు స్పీకర్‌కి పంపేందుకు వాటి కింద బిగించే అయస్కాంతానికి రాగితీగ చుట్టింది తెరేసమ్మ తమ్ముడు జాన్‌బాబు. పక్క వీధిలోనే మోటార్లు రీవైండింగ్ చేస్తుంటాడు.

"ఏంది బావా, గిటారా ఇది, లారీ డోరా? ఇంత బరువుందేంది?" అన్నాడు జాన్‌బాబు ఎత్తి చూసి.

"పనస గదా. ఇంకా పచ్చి ఆరలేదేమో."

"పచ్చీ లేదు, పాడూ లేదు. ఎక్కడిదీ చెక్క?"

"నూజివీడుది," అన్నాడు జయపాల్. అబద్ధమైతే కాదు.

"ఎక్కడిదైతే ఏంలే. అక్క నోరు తెరిస్తే అదే పదివేలు. పోయినోళ్లతో మనమూ పోలేం గదా బావా."

బరువు తగ్గిద్దామని జయపాల్ వెనకవైపు మళ్లీ చిత్రిక పట్టాడు. పొట్టు కుప్పగా రాలింది. ఎత్తి చూస్తే ఇంకాస్త బరువెక్కింది. ఉలితో లోపల తొలిచాడు. మరింత బరువెక్కింది. తీసేకొద్దీ పెరిగే చెక్కని ఏ వడ్రంగి చూసుంటాడు? ఇక లక్క పాలిష్ పూస్తున్నప్పుడు దాని ఘాటు కింద ఇంకో వాసన తగిలింది. కొబ్బరినూనె. ఏంజెల్ జడలు వేసేటప్పుడు ఇల్లంతా వచ్చే వాసన. భయపడాల్సిన మనిషి భయపడలేదు. పాలిష్ గుడ్డ పక్కన పడేసి, చెక్కకి చెంప ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు.

చివరి పూత ఆరిన ఆదివారం పొద్దున్నుంచే ముసురు. సాయంత్రం తెరేసమ్మని షెడ్డుకి తీసుకొచ్చి, బల్ల మీద కూర్చోబెట్టి, గిటార్ ఒళ్లో పెట్టాడు. స్పీకర్ ఆన్ చేసి కడ్డీ అందించాడు. ఆమె కడ్డీ తీసుకోలేదు. రెండు చేతులూ మెల్లగా చెక్క కిందికి పోనిచ్చి, దాన్ని గుండెకి దగ్గరగా లాక్కుంది.

అప్పుడే కరెంటు పోయింది.

రేకుల మీద వాన... తడిసిన పొట్టు వాసన... తన చెయ్యి తనకే కనిపించని చీకటి.

స్పీకర్ మీది ఎర్ర లైటు ఆరిపోయింది. స్పీకర్ మాత్రం ఆగలేదు. అందులోంచి సన్నగా ఒక తీగ పలుకుతోంది. జారుతూ పైకి... మళ్లీ కిందికి... నిద్రొచ్చి రాగం తీసే పిల్లలా.

"తెరేసా..."

"ష్..."

జయపాల్ ఆ గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

"ఇప్పుడిప్పుడే పడుకుంటోందండీ. గట్టిగా మాట్లాడకండి."

ఇన్నాళ్లకి మాట! ఆ గొంతులో నవ్వు కూడా ఉంది. జయపాల్ చెయ్యి గోడకున్న, చెక్క నరికే బాడిస మీదికి పోయింది. ఒక్క దెబ్బ చాలు. ముక్కలు చేసి, సమాధుల తోటకి మోసుకెళ్లి, ఎక్కడ వేయాల్సినవి అక్కడ వేసేస్తే పీడా పోతుంది. కానీ ఈ గొంతు కూడా పోతుంది. మళ్లీ ఆ కిటికీ, ఆ మౌనం.

బాడిస మీదినుంచి చెయ్యి తీసేశాడు. తప్పని తెలిసే తీసేశాడు.

"నా కాళ్లు తిమ్మిరెక్కాయండీ," గుసగుసగా అంది తెరేసమ్మ. "కాసేపు మీరెత్తుకోండి."

తడుముకుంటూ వెళ్లి ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె గిటార్‌ని ఆయన ఒళ్లో పెట్టింది. ఆ బరువు ఆయనకి తెలుసు. చర్చి నుంచి వస్తూ నడవనని మారాం చేస్తే ఎన్నిసార్లు ఎత్తుకున్నాడు! ఏంజెల్ ఎప్పుడూ ఎడమ మోకాలి మీదికి జరిగి, తల భుజానికి ఆనించేది. బరువు మెల్లగా ఎడమ మోకాలి మీదికి జరిగింది. భుజం దగ్గర చొక్కా వెచ్చబడింది.

"నాన్ననమ్మా..." అన్నాడు. కన్నీళ్లు చెక్క మీద పడుతున్నాయి. "ఎక్కడికీ పోవద్దు. ఇక్కడే ఉండు... ఎవరేమన్నా సరే, ఇక్కడే ఉండు."

తీగ ఆగిపోయింది. ఉన్నట్టుండి వాన కూడా ఆగిపోయింది.

అప్పుడు కుడి మోకాలి మీద ఎవరో కూర్చున్నారు.

చల్లగా... తడిగా... ఏంజెల్ కంటే చాలా బరువుగా.

గిటార్ ఎడమ మోకాలి మీదే ఉంది. తన చేతులు రెండూ దాని మీదే ఉన్నాయి.

చీకట్లో తెరేసమ్మ ముందుకి వంగిన చప్పుడైంది. ఆమె గొంతులో నవ్వు అలాగే ఉంది. ఇంటికి కొత్త పిల్లలు ఆటకొచ్చినప్పుడు అడిగినంత మురిపెంగా అడిగింది.

"ఏంజెల్... ఎవరమ్మా, నీతో వచ్చింది?"