గాజుగిన్నెలో పెద్దావిడ

పట్టపగలు దెయ్యమేమిటని నవ్వేవాళ్ళు ఒక్కసారి ఆ పరిశోధనాలయం రెండో అంతస్తులో లోపలి గదికి వెళ్ళి నిలబడి చూడాలి. దానికి కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నమైనా ట్యూబులైటు వేస్తేనే వెలుగు. మూలన ఒక పెట్టె ఉంటుంది. చూడ్డానికి ఫ్రిజ్‌లా ఉంటుంది గానీ దాని పని చల్లబరచడం కాదు, మనిషి ఒంటి వేడిని అలాగే నిలబెట్టడం. రోజంతా సన్నగా గుర్రుమంటూ ఉంటుంది. గదంతా స్పిరిట్ వాసన.

ఆ పెట్టె పై అరలో, అరచేతిలో పట్టే గాజుగిన్నెలో, పెద్దావిడ ఉండేది.

పెద్దావిడంటే ఆ పరిశోధనాలయం నడిపే సారుగారి మొదటి భార్య. ఒళ్ళు కాలి ఆస్పత్రిలో చేరింది. గాయాలు మానేలోపే చీముపట్టి, ఆ విషం రక్తంలోకి పాకి ప్రాణం తీసింది. ఏ మందు రాసినా పైపైనే ఆగిపోయిందట. అప్పట్నుంచి సారుకి ఒకటే పట్టుదల. కంటికి ఆననంత సన్నటి నానో రేణువులు చేసి, వాటి కడుపులో యాంటీసెప్టిక్ మందు దాచి, చర్మం లోతుల్లో క్రిమి ఎక్కడుంటే అక్కడికే వెళ్ళి కక్కేలా చేయాలని. చేశారు కూడా. మరి పరీక్షించడానికి మనిషి చర్మం కావాలి కదా? ఆవిడకి ఆపరేషన్ చేసినప్పుడు తీసిన చర్మం ముక్కలోని కణాలనే గడ్డకట్టించి దాచారు. వాటిని కొంచెం కొంచెం కరిగించి, గిన్నెల్లో పెంచి, పుండు చేసి, మాన్పి... అలా ఎనిమిదేళ్ళు. చివరికి మిగిలింది ఆ ఒక్క గిన్నె. దాన్ని మాత్రం పరీక్షలకు ముట్టుకోవద్దని సారు గట్టిగా చెప్పారు.

చిన్నావిడ అదే ల్యాబులో టెక్నీషియన్. సారుతో పెళ్ళయి మూడేళ్ళు. సారు పొద్దున్నే వచ్చి, గుక్కెడు టీ అయినా తాగకుండా ముందు ఆ పెట్టె తలుపు తీసి, గిన్నెని వెలుతురుకి ఎత్తి చూసుకుని, ఏదో గొణిగి, అప్పుడు గానీ ఈవిడ వైపు తిరిగేవారు కాదు. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడేసి అంటారు. అది లోకం తీరు, సరిపెట్టుకోవచ్చు. కానీ ఈ పెద్దావిడ పూర్తిగా చస్తే కదా! బతికున్న సవతైతే జుట్టూజుట్టూ పట్టుకోవచ్చు. ఫొటోలో సవతైతే గోడవైపు తిప్పేయొచ్చు. రోజూ మొగుడి చేత మేపించుకుంటూ గాజుగిన్నెలో పెరిగే సవతిని ఏం చేయాలి? చిన్నావిడకి కడుపు మండిపోయేది. అలా ఇలా కాదు, తిండి సయించనంతగా.

దానికి తోడు ఊడ్చే ఆయమ్మ నోరొకటి. "మీరు తిన్నారో లేదో సారుకి పట్టదు గానీ, ఆ పెద్దమ్మకి మాత్రం తనే తినిపిస్తారు కదమ్మా" అని చీపురు ఆపి మరీ నవ్వేది.

ఆ వారం సారు రెండు రోజుల సమావేశానికి పొరుగూరు బయల్దేరారు. వెళ్తూ చెప్పింది ఒకటే మాట.

"ఆహారం మార్చడం మర్చిపోకు."

"ఎవరికి?" అంది చిన్నావిడ, తెలిసే.

ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆ గిన్నె పోతే మొగుడు తనవాడవుతాడు. అంతే లెక్క. ఆ మధ్యాహ్నమే చేతులకి తొడుగులు వేసుకుంది. చీము పుట్టించే క్రిమిని సూదిమొనకి అంటించి, గిన్నెలోని చర్మం మీద గోరు పొడవున గీత గీసింది. "ఇక పోవే" అంది మెల్లగా. పైన నాలుగు చుక్కలు ఖాళీ రేణువులు వేసింది. మందు లేని ఉత్త రేణువులన్నమాట, మందున్నవాటితో పోల్చి చూడ్డానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. సూక్ష్మదర్శినిలో రెండూ ఒకేలా ఉంటాయి. ఎలాగో క్రిమి సోకింది, మందు వేశాను, పని చేయలేదు అంటే ఎవరు కాదంటారు? క్రిమి పెరిగితే గిన్నెలో ఆహారంగా పోసిన గులాబీరంగు నీళ్ళు రేపటికి పచ్చబడతాయి. ఆ రాత్రి చిన్నావిడ హాయిగా నిద్రపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పెట్టె తీసింది.

నీళ్ళు గులాబీరంగులోనే ఉన్నాయి. గీత లేదు. చొక్కా గుండీ అంత చర్మం నిన్నటికన్నా నునుపుగా, నిగనిగలాడుతూ ఉంది. గదిలో స్పిరిట్ వాసన లేదు... అప్పుడే తల రుద్దుకున్న ఆడమనిషి తడిజుట్టు వాసన.

అంతలో మణికట్టు దురద పెట్టింది. తొడుగుకీ కోటు చేతికీ మధ్య ఎర్రటి గీత. గోరు పొడవున.

నిన్న సూది తగల్లేదు. ఒట్టు... తగల్లేదు.

గుర్రుమంటున్న పెట్టె ఆగిపోయింది. లైటు పోయింది. చీకటి. ఎదురుగా ఎక్కడో నీళ్ళు సన్నగా కదిలిన చప్పుడు. ఒకసారి... మళ్ళీ ఒకసారి...

"అమ్మా..." తలుపు అవతల ఆయమ్మ గుసగుస. "సారు వచ్చేశారా?"

"లేదే. ఏం?"

"లోపల ఇద్దరు మాట్లాడుకుంటుంటేనూ..."

చిన్నావిడ అప్పటిదాకా నోరే విప్పలేదు.

ఇక ఆగలేదు. తడుముకుంటూ గిన్నె అందుకుంది. పక్కనే బ్లీచింగ్ నీళ్ళ బకెట్. ఒంపేస్తే పీడా పోతుంది. గిన్నె ఎత్తింది. వెచ్చగా, తడిగా, ఏదో వేలి మీదికి ఎక్కింది... అరచేతి మీదుగా పాకింది... ఆగింది.

లైటు వచ్చింది. గిన్నెలో నీళ్ళు చుక్క కూడా తొణకలేదు. చర్మం లేదు. బకెట్లో లేదు, నేల మీదా లేదు. చిన్నావిడ గది గదంతా మోకాళ్ళ మీద వెతికింది.

సాయంత్రానికి జ్వరం. తెల్లారేసరికి మణికట్టు చీముపట్టింది. సారు వచ్చారు. చర్మం లేని గిన్నె చూపించింది. చంపేస్తారనుకుంది. ఆయన గిన్నె వంక చూశారు. తర్వాత ఆమె మణికట్టు వంక చాలాసేపు చూశారు.

"ఎక్కడికీ పోలేదులే" అన్నారు.

మందు నింపిన రేణువులు తెచ్చి పూటపూటా తనే రాశారు. నాలుగో రోజుకి పుండు మానింది. కొత్త చర్మం వచ్చింది, గుండీ అంత. చిన్నావిడ రంగుకన్నా ఒక పిసరు తెలుపు.

ఇప్పుడు సారు పెట్టె జోలికి వెళ్ళరు. సాయంత్రం కాగానే వచ్చి చిన్నావిడ పక్కన కూర్చుని, ఆమె చేయి ఒళ్ళో పెట్టుకుంటారు. మూడేళ్ళుగా ఆమె కోరుకున్నదదే కదా. కానీ ఆయన బొటనవేలు ఆ గుండీ అంత చోటు దాటి పక్కకి పోదు. అక్కడ నిమురుతుంటే చిన్నావిడకి ఏమీ తెలియదు. సూదితో పొడుచుకుని కూడా చూసుకుంది. తన చేతిని చూసి తనే కుళ్ళుకునే ఆడది లోకంలో ఇంకెక్కడైనా ఉంటుందా?

నిన్న సాయంత్రం ఆయన ఎప్పటిలాగే నిమురుతూ, "చలిగా ఉందా?" అని అడిగారు. ఆమె మొహం వైపు చూడలేదు.

"లేదండీ" అంది చిన్నావిడ.

ఆ కాస్త చోట మాత్రం వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

ఆమె చేయి వెనక్కి లాక్కోబోయింది. ఆ చేతి వేళ్ళు మాత్రం మెల్లగా ఆయన వేళ్ళ మధ్యకి దూరి, గట్టిగా ముడుచుకున్నాయి.